తొంభై ఆరు ఫ్రేములు

ఫిబ్రవరి 11, ఆదివారం

రెండో రీలు కుదిరింది. పొడుగుకి పిడుగు జుట్టు కత్తిరించే సీను. ఇద్దరూ నవ్వాపుకోలేక నాలుగు టేకులు పాడు చేశారు. అందులో బాగా పాడైపోయిన టేకే వాడాను. గడ్డానికి చూపిస్తే, ఇది నటన కాదు కదా అన్నాడు. కాదు కాబట్టే పెట్టానన్నాను.

ఎప్పుడో ముసలిదాన్నయ్యాక ఇది తీసి చదివితే ఎవరెవరో గుర్తుండదు. రాసి పెట్టుకుంటున్నాను. గడ్డం మా డైరెక్టరు. పిడుగు హీరోయిన్, పొడుగు హీరో. కిటికీ కెమెరామన్. ఎప్పుడు చూసినా వేళ్ళు చదరంగా పెట్టి అందులోంచే లోకాన్ని చూస్తాడు. మొదట్లో నన్నూ అలాగే చూశాడు. తర్వాత వేళ్ళు తీసేసి చూశాడు. అంతటితో నా పని అయిపోయింది. నేను ఎడిటింగూ, ఏ షాట్‌లో ఏముందో రాసుకునే కంటిన్యూటీ నోట్సూ రెండూ చూస్తాను. వీళ్ళ నోట్లో కత్తెరని. మామూలు రోజుల్లో సబ్బుల యాడ్లు, టూత్‌పేస్టు యాడ్లు అతికిస్తుంటాను. బాస్ వచ్చేలోపు, పొద్దున ఏడు నుంచి పది దాకా, ఆయన ఎడిటింగ్ టేబుల్ మీదే మా సినిమా.

కథ చిన్నది. ఇల్లు వదిలేసిన ఇద్దరు ప్రేమికులు మూతపడ్డ బస్ డిపోలో, ఒక పాత బస్సులో కాపురం పెడతారు. పెళ్ళి లేదు, తాళం లేదు, అడిగేవాళ్ళు లేరు. చుట్టూ ఉన్నదే పెద్దది. ఆ డిపో కూలగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతారని తెలిసి రెండొందల మంది కుర్రకారు అందులో మకాం వేశారు. కాలేజీ మానేసినవాళ్ళు, ఉద్యోగానికి సెలవు పెట్టినవాళ్ళు, ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చినవాళ్ళు. మా సినిమాలో జనమంతా వాళ్ళే. పిడుగూ పొడుగూ నిజంగానే ప్రేమించుకుంటున్నారు, నిజంగానే ఆ బస్సులో ఉంటున్నారు. షూటింగ్ ఎక్కడ ఆగుతుందో జీవితం ఎక్కడ మొదలవుతుందో నోట్స్ రాసే నాకే అంతు చిక్కడం లేదు.

ఫిబ్రవరి 13

మా పై వాటాలో అక్కా బావా ఉంటారు. బావది పోలీసాఫీసులో ఫోటో సెక్షన్. చూడ్డానికి లెక్కల మాస్టారులా ఉంటాడు, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడతాడు. గుంపుల్లో తీసిన ఫోటోలు పెద్దవి చేసి, ఒక్కో ముఖానికీ పేరూ అడ్రసూ పట్టుకోవడం ఆయన పని. ఇవాళ భోజనాల దగ్గర చెప్పాడు, మనిషి గడ్డం పెంచినా గుండు కొట్టించుకున్నా చెవి మాత్రం మార్చుకోలేడట. చెవి చాలట ఆయనకి. అక్క వెంటనే కొప్పు కిందికి లాక్కుని చెవులు మూసుకుంది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. డిపోకి నేను వెళ్తున్నట్టు బావకి తెలుసో లేదో తెలియదు. అడగడు. ఆయన అడగకపోవడమే నాకు భయం.

ఫిబ్రవరి 17

డిపోకి నీళ్ళు ఆపేశారు.

ఫిబ్రవరి 19, సోమవారం, సాయంత్రం 5

అక్షరాలు ఎలా వస్తే అలా.

పది గంటలకి షాట్ పెట్టాం. పొడుగు బస్సు టాపు ఎక్కి బట్టలు ఆరేస్తుంటాడు, కింద నిలబడి పిడుగు ఒక్కొక్కటే పైకి విసురుతుంటుంది. ఎదుటి బస్సు టాపు మీద కిటికీ, కెమెరా. నేను ఈ బస్సు నిచ్చెన వైపు, కొంచెం దూరంలో, నోట్స్‌తో. మూడో టేకు నడుస్తుండగా గేటు విరిగిన చప్పుడు. మొదట అందరం మనవాళ్ళే ఏదో చేశారనుకున్నాం. అప్పుడు హెల్మెట్లు కనిపించాయి.

ఎవరు ఎటు పరిగెత్తారో చెప్పలేను. ఒక అధికారి మాత్రం నిచ్చెనెక్కి బస్సు మీదికి వెళ్ళాడు. హెల్మెట్ లేదు, టోపీ ఉంది. పొడుగు రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో తడి చొక్కా ఇంకా అలాగే ఉంది. దిగుతున్నా సార్, దిగుతున్నా అన్నాడు. నేను విన్నాను. ఆ మనిషి లాఠీ అడ్డంగా పట్టుకుని పొడుగు ఛాతీకి ఆనించి తోశాడు. కొట్టలేదు. తోశాడు. తలుపు తోసినట్టు.

సిమెంటు మీద పడ్డ చప్పుడు రాయను.

పిడుగు ఒక్క అరుపు అరిచింది. నన్ను ఎవరో చెయ్యి పట్టి గోడ దాటించారు. వెనక్కి తిరిగి చూస్తే కిటికీ ఇంకా అక్కడే, కెమెరాకి కన్ను ఆనించే ఉన్నాడు. దించలేదు.

ఫిబ్రవరి 20

ఆసుపత్రిలో లోపలికి రానివ్వడం లేదు. పిడుగు మెట్ల మీదే కూర్చుంది. నీళ్ళిస్తే తాగింది.

ఫిబ్రవరి 21, పొద్దున 9

పొడుగు పోయాడు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

పేపర్లో పోలీసుల ప్రకటన వచ్చింది. పారిపోబోయి కాలు జారి పడ్డాడట. పైకి ఎక్కిన అధికారి అతన్ని పట్టుకుని కాపాడబోయాడట. ఆయన ఫోటో కూడా వేశారు. టోపీతో.

మధ్యాహ్నం రోల్ ముప్ఫై ఒకటి ప్రింటు ల్యాబ్ నుంచి వచ్చింది. సోమవారం తీసిన దాన్ని కిటికీ ఆ రోజే సబ్బు యాడ్ల డబ్బాల్లో కలిపి ల్యాబ్‌కి పంపేశాడు. బాస్ భోజనానికి వెళ్ళగానే తలుపు గడియ పెట్టి టేబుల్ మీద వేశాం. గడ్డం, కిటికీ, నేను.

మొత్తం ఉంది. గేటు, జనం, నిచ్చెన, టోపీ, లాఠీ, తోపు. ఒక్క అదురు లేకుండా తీశాడు. గడ్డం ఏడుస్తూ, వీళ్ళని కోర్టులో నిలబెట్టొచ్చు, దేశమంతా చూస్తుంది అన్నాడు. సినిమా ముగింపు ఇదేనన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ వేసి చూశాను. ఈసారి పొడుగుని చూడలేదు. మిగతా ముఖాలు చూశాను. పేపరు తీసుకుని లెక్కపెట్టాను. స్పష్టంగా తెలిసే ముఖాలు అరవై మూడు. నర్సు ట్రైనింగ్ అమ్మాయి. స్కూల్ టీచరు. అన్నగారి పెళ్ళికి ఊరెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చిన కవల అక్కచెల్లెళ్ళు. కొందరు రాళ్ళు విసురుతున్నారు. ఒకతను పోలీసు బండికి నిప్పు పెడుతున్నాడు. ఇప్పటికి పోలీసులకి దొరికింది పదకొండు మందే. మిగతావాళ్ళు ఇళ్ళకి చేరి, ఏమీ ఎరగనట్టు ఉద్యోగాలకి వెళ్తున్నారు.

ఈ రోల్ బావ టేబుల్ మీదికి వెళ్తే వారంలో అరవై మూడు కార్డులు తయారవుతాయి.

ఫిబ్రవరి 24, శనివారం, మధ్యాహ్నం 3

బావ పొద్దున అమ్మ దగ్గర ఫ్యాను బాగుచేయడానికి దిగాడు. ఫ్యానుకి ఏమీ కాలేదు. స్టూలెక్కి స్క్రూ తిప్పుతూ, వంటింట్లోకి వినపడేట్టు అక్కతో అన్నాడు, సోమవారం పెందలాడే టిఫిన్ పెట్టు, సినిమా ల్యాబ్‌కి వెళ్ళాలి, ఆర్డరు టైపయింది అని. అక్క ఏ ల్యాబ్ అని అడిగింది. ఎన్ని ఉన్నాయేంటి మన ఊళ్ళో అన్నాడు. ఆ తర్వాత దిగి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ల్యాబ్ శనివారం ఒంటిగంటకి మూసేస్తారు. పన్నెండూ పదికి బస్సెక్కాను.

నెగెటివ్ కటింగ్ కోసం డబ్బాలు ఇప్పించమని గడ్డం రాసిచ్చిన ఉత్తరం ఒకటి నా దగ్గరుంది. అందులో ఒకటి నుంచి పది రోల్స్ నెంబర్లే ఉన్నాయి. బస్సులో కూర్చుని చివర 31 అని రాశాను. దిగాక చూసుకున్నాను. గడ్డం రాసింది నల్ల ఇంకు. నాది నీలం.

ల్యాబ్ పెద్దాయన అప్పటికే తాళాలు చేతిలో పట్టుకున్నాడు. ఉత్తరం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆయన ఉత్తరం నా ముందు పెట్టి, నీ పెన్నుతో మిగతా నెంబర్లు కూడా ఒకసారి దిద్దమ్మా, నాకు చూపు ఆనడం లేదు అన్నాడు. దిద్దాను. ఒకటి నుంచి పది దాకా అన్నీ నీలం అయ్యాయి. లోపలికి వెళ్ళి డబ్బాలు తెచ్చాడు. ముప్ఫై ఒకటిని అన్నిటికన్నా అడుగున పెట్టాడు.

ఇప్పుడు అది నా మంచం కింద ఉంది.

ఫిబ్రవరి 25, ఆదివారం, సాయంత్రం 6

ఇవాళ్టిది మొత్తం రాయాలి. రాయకపోతే రేపటికి నేనే వేరే రకంగా చెప్పుకుంటాను.

తొమ్మిదికి ఎడిటింగ్ రూములో కలిశాం. ముఖాలన్నీ తీసేస్తానన్నాను. గడ్డం ఎగిరిపడ్డాడు. నిజాన్ని కత్తిరించడానికి నువ్వెవరివి, ఆ పని చేయడానికి సెన్సారు వాళ్ళున్నారు కదా అన్నాడు. వాళ్ళంతా తెలిసే వచ్చారన్నాడు. ఎవరు తెలిసి వచ్చారు, కవలలు పెళ్ళి పేరు చెప్పి వచ్చారు, వాళ్ళని అడుగుదామా అన్నాను. మేం ముందుకు నడుస్తుంటే నువ్వు పోలీసు పని సులువు చేస్తున్నావన్నాడు. మా బావ సంగతి వీడికి ఎవరు చెప్పారోననుకున్నాను. అతనికి తెలియదు. ఊరికే నోటికొచ్చింది అనేశాడు.

కిటికీ చివరికి లేచి నా ఎదుట నిలబడ్డాడు. వాడు పడిపోతుంటే నేను కెమెరా దించలేదు, ఎందుకు దించలేదో తెలుసా, ఇది మిగలాలనే, దీన్ని నువ్వు పారేస్తే మరి నేనక్కడ చేసిందేంటి అని అడిగాడు. గొంతు పెంచలేదు.

పదకొండుకి తలుపు తట్టారు. ముగ్గురం బిగుసుకుపోయాం. పిడుగు. ఐదు రోజుల్లో సగమైపోయింది. ఒంటి మీద పొడుగు స్వెట్టరు, చేతులు వేళ్ళ దాకా వేలాడుతున్నాయి. నాకు చూపించండి అంది. వద్దని గడ్డం అన్నాడు. ఆమె వినలేదు, నేరుగా వచ్చి నా స్టూలు మీద కూర్చుంది.

నాలుగుసార్లు చూసింది. మొదటిసారి కళ్ళు మూసుకుంది. రెండోసారి మూసుకోలేదు. మూడోసారి నన్ను మెల్లగా తిప్పమంది. నాలుగోసారి గ్రీజు పెన్సిలు అడిగి తీసుకుని, తనే ఒకచోట గీత పెట్టింది. వాడు చేతులెత్తిన దగ్గర. ఇంకో గీత. వాడి పాదాలు అంచు దాటిన దగ్గర. ఆ మధ్యలోది ఉంచండి, మిగతాదంతా తీసేయండి అంది.

లెక్కపెట్టాను. తొంభై ఆరు ఫ్రేములు. నాలుగు సెకన్లు. టోపీ, లాఠీ, పొడుగు. కింద జనమంతా అప్పటికే గోడ వైపు పరిగెత్తేశారు, వీపులే ఉన్నాయి. పైకి చూస్తున్న ముఖం ఒకటే, పిడుగుది. ఇందులో నీ ముఖం ఉంది అన్నాను. తెలుసు అంది. అందులో నేనుండాలి, వాణ్ణి నేను చూస్తూ ఉన్నానని ఉండాలి అంది. ఆ తర్వాత గడ్డం వైపు తిరిగి, ఇది నీ సినిమాకి ముగింపు కాదు అంది. గడ్డం తల దించుకున్నాడు.

అప్పుడే ఆమె ఎడమ అంచు మీద వేలు పెట్టింది. నిచ్చెన పక్కన సగం ముఖం, ఒక చెవి, చేతిలో నోట్‌బుక్. ఇది నువ్వే కదా అంది. అవును, కానీ సగమే, మసగ్గా ఉంది, ఫరవాలేదు అన్నాను. అంచు కత్తిరిస్తే లాఠీ పోతుంది. నా భయం నా గొంతులో నాకే వినిపించింది.

కిటికీ వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగా వేసి వెళ్ళాడు. గట్టిగా వేసినా బాగుండేది.

గ్లవ్స్ తొడుక్కుని నెగెటివ్ కోశాను. తొంభై ఆరు ఫ్రేముల ముక్కని పిడుగు అగ్గిపెట్టెంత డబ్బాలో పెట్టుకుని, దొరికిన పదకొండు మంది కేసు చూస్తున్న వకీలమ్మ ఇంటికి వెళ్ళింది. మిగతా నెగెటివూ ప్రింటూ సంచిలో వేసుకుని నేను ఇంటికి వచ్చాను. బాత్రూములో రెండు బకెట్లు, మరుగుతున్న నీళ్ళు, బట్టల సోడా. ఫిల్ము ముంచి చేత్తో రుద్దితే పైపొర మీగడలా ఊడి వచ్చింది. నీళ్ళు నల్లబడ్డాయి. అరవై మూడు ముఖాలు. నర్సమ్మాయి ఎప్పుడు పోయిందో తెలియలేదు. పొడుగు గేటు దగ్గర నవ్వుతూ నిలబడిన షాట్ కూడా ఆ రోల్ మొదట్లో ఉంది. దానిలో వెనక జనం ఉన్నారు. అదీ పోయింది.

అమ్మ తలుపు అవతల నిలబడి, ఏం పిల్లా, ఇల్లంతా వేడినీళ్ళు నువ్వే పోసుకుంటావా, మాకేమైనా మిగులుస్తావా అంది. తలంటుకుంటున్నానన్నాను. మూడు గంటలా అంది.

చర్మం ఊడి వేళ్ళు మండుతున్నాయి.

ఫిబ్రవరి 26, సోమవారం, మధ్యాహ్నం 2

ల్యాబ్ నుంచి నేరుగా మా రూముకే వచ్చారు. ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ వెనక బ్యాగు పట్టుకుని బావ. బాస్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

రోల్ ముప్ఫై ఒకటి అడిగారు. కడిగి ఆరబెట్టి మళ్ళీ డబ్బాలో పెట్టి తెచ్చిన నెగెటివ్ ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు డబ్బా తెరిచి, ఫిల్ము లాగి, ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. గాజులా ఉంది. అవతలున్న ఆయన వేళ్ళు కనిపిస్తున్నాయి. ఏంటిది అన్నాడు. కెమికల్‌లో తేడా వచ్చి పొర కొట్టుకుపోయిందన్నాను. ఎప్పుడు అన్నాడు. ఇలాగే వచ్చిందన్నాను. నా చేతుల వైపు చూశాడు. వెనక్కి పెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు.

బావని పిలిచాడు. బావ భూతద్దం తీశాడు. దగ్గరికి వస్తుంటే ఆయన ముక్కు ఒక్కసారి కదిలింది. బట్టల సోడా వాసన ఆయనకి తెలియదా. ఒక గజం, రెండు గజాలు, మూడు గజాలు చూశాడు. ఆఫీసు గొంతుతో, ఇందులో ఏమీ రాదు సార్ అన్నాడు. ఏమీ రాదా అని ఇన్‌స్పెక్టరు. పొరే లేదు సార్, ఎవరి వల్లా కాదు అన్నాడు బావ. చెమట ఆయన చెవి వెనక నుంచి కాలర్లోకి దిగుతోంది.

డబ్బా పట్టుకుపోయారు. బాస్ నన్ను రేపటి నుంచి రావద్దన్నాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు.

ఫిబ్రవరి 28

కిటికీ రాలేదు. ఫోన్ లేదు.

మార్చి 2, శుక్రవారం

పేపర్లో మొదటి పేజీ. నాలుగు ఫ్రేములు వరసగా వేశారు. ముక్కని వకీలమ్మ విచారణ జడ్జిగారికి ఇచ్చింది, ప్రింట్లు పేపర్లకి ఇచ్చింది. అధికారిని సెలవు మీద పంపారు. విచారణ తొమ్మిదో తేదీ నుంచి.

పదకొండు గంటలకి పిడుగుని పట్టుకెళ్ళారు. డిపోలో అక్రమంగా ఉన్నందుకట. తలుపు తట్టేసరికి చెప్పులు వేసుకుని సిద్ధంగా కూర్చుందని వాళ్ళ పిన్ని చెప్పింది.

బస్టాపులో ఇద్దరు ఆడవాళ్ళు ఆ ఫోటో చూస్తూ, పక్కనున్న ఈ సగం పిల్ల ఎవరో పాపం అనుకున్నారు. నేను వాళ్ళ పక్కనే నిలబడ్డాను.

మార్చి 4, ఆదివారం

అక్క కిందికి వచ్చి వంటింట్లో నన్ను పట్టుకుంది. నువ్వేం చేశావో నాకు చెప్పొద్దు, ఆయన మాత్రం రెండు రోజుల్నించి అన్నం కెలుకుతున్నాడు అంది. పేపర్లో వచ్చిన ఫోటో పెద్దది చేసి ఆయన టేబుల్ మీదే పెట్టారట. రెండో మనిషి ఎవరో తేల్చమన్నారట. ఆయన ఫారంలో రాసిన మాట అక్క నాకు చెప్పింది. గుర్తించడం సాధ్యం కాదు.

ఒక చెవి పూర్తిగా కనిపిస్తోంది అందులో.

మార్చి 9, శుక్రవారం, సాయంత్రం 4

విచారణకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

సాక్షిగా కిటికీ వచ్చాడు. ఇది తీసింది నేనే అని తనంతట తనే వెళ్ళి చెప్పాడట. బాగా చిక్కిపోయాడు. అధికారి తరఫు వకీలు అతన్ని గంటసేపు తిప్పాడు. కెమెరా ఎదురుగా ఉంది కదా, లాఠీకీ ఛాతీకీ మధ్య జానెడు ఖాళీ ఉన్నా ఎదుటి నుంచి తగిలినట్టే కనిపిస్తుందా కనిపించదా అని అడిగాడు. కనిపిస్తుంది అని ఒప్పుకున్నాడు కిటికీ. అబద్ధం చెప్పలేదు. మరి కళ్ళతో చూశావా అంటే, నా కన్ను కెమెరాలో ఉంది అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను.

తర్వాత పిడుగు. జైలు నుంచి తెచ్చారు. ప్రియురాలు ఇంకెలా చెప్తుందండీ అని ఆ వకీలు నవ్వాడు. ఇంకెవరైనా పక్క నుంచి చూసినవాళ్ళుంటే రమ్మనండి అన్నాడు. ఎవరూ లేరనుకునే అంత ధైర్యంగా అన్నాడు.

పిడుగు నా వైపు చూడలేదు. నేనున్నది ఆమెకి తెలుసు. చూస్తే అందరూ తల తిప్పుతారని చూడలేదు.

బయట మెట్ల దగ్గర కిటికీ ఎదురయ్యాడు. నా చేతులు తీసుకుని తిరగేసి చూశాడు. వేళ్ళు ఇంకా మానలేదు. బాగా రుద్దావా అన్నాడు. బాగానే రుద్దానన్నాను. చాలాసేపు వదల్లేదు.

మార్చి 11, ఆదివారం, పొద్దున

వకీలమ్మకి నిన్న చెప్పాను. పక్క నుంచి చూసినదాన్ని నేనున్నానని. రోల్ ఏం చేశావని కూడా అడుగుతారు, దానికీ జవాబు చెప్పాలి, కేసు పెడతారు, లోపల వేసినా వేస్తారు అంది. సరే అన్నాను.

ఇవాళ పైకి వెళ్ళి బావకి చెప్పాను. నేను నోరు విప్పితే ఆయన ఫారంలో రాసింది అబద్ధమని తేలుతుంది. అక్క గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ షూకి పాలిష్ వేస్తున్నాడు. ఆపలేదు. ఒక షూ పూర్తయ్యాక, నిజంగా తోశాడా అని అడిగాడు. తోశాడన్నాను. నువ్వు చూశావా. చూశాను. రెండో షూ తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను రాసిన ఫారాల్లో అదొక్కటే తప్పు, కళ్ళద్దాలు మార్చుకోవాలని డాక్టరు ఎప్పట్నించో పోరుతున్నాడని చెప్పుకుంటాలే అన్నాడు. నమ్ముతారా బావా అన్నాను. నమ్మరు అన్నాడు.

అక్క ఏడుస్తూనే మా ముగ్గురికీ కాఫీ కలిపింది. పంచదార వేయడం మర్చిపోయింది. ఎవరం అడగలేదు.

మార్చి 12

అమ్మకి చెప్పాను. కొట్టింది. తర్వాత నా జుట్టు దువ్వింది.

మార్చి 13, మంగళవారం

పడిపోయినతనికి నువ్వెంత దూరంలో ఉన్నావని ఆ వకీలు అడిగాడు. అడుగుల్లో చెప్పడం చేతకాలేదు. నడిచి చూపించమన్నారు. బోను దిగి నడిచాను. పదకొండు అడుగులు పడ్డాయి. పదకొండో అడుగు దగ్గర టోపీ లేకుండా ఆ అధికారి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంత దూరం అన్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.